శంభునాథ్ డే: కలరా విషాన్ని కనుగొన్న కలకత్తా వైద్యుడు



మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని ఎనభై ఏళ్ళు దాటిన వాళ్ళుంటే ఒకసారి అడిగి చూడండి. కలరా అనే మాట వాడుకలోకి రాకముందు ఆ జబ్బును మరిడి అనేవాళ్ళమనీ, వాంతిభేది అనేవాళ్ళమనీ చెబుతారు. మరిడి వచ్చిన ఏడాది, ఉదయం చద్దన్నం తిని పొలానికి వెళ్ళిన మనిషి సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఉండేవాడు కాదు. కోస్తా ఊళ్ళలో మరిడమ్మ జాతరలు పుట్టింది ఆ భయంలోంచే. బెంగాలులో హిందువులూ ముస్లిములూ కూడా ఓలాబీబీకి మొక్కుకోవడానికి కారణమూ అదే. ఈ పాఠంలో మీరు చదవబోయేది ఆ బెంగాలులోనే పుట్టి, ఆ జబ్బు మనిషిని ఎలా చంపుతుందో తేల్చిచెప్పిన శంభునాథ్ డే అనే వైద్యుడి జీవితం.

చదివేటప్పుడు ఒక ప్రశ్నను మనసులో పెట్టుకోండి. కలరా క్రిమి పేగు దాటి రక్తంలోకి పోదు. పేగు గోడను కొరికి తినదు. పేగు లోపలే, గోడకు అంటుకుని ఉంటుంది. మరి అక్కడే ఉండి బలమైన మనిషిని కొన్ని గంటల్లో ఎలా చంపగలుగుతోంది? ఈ ప్రశ్నకు జవాబులో మొదటి సగం డే చెప్పారు. రెండో సగం ఆయన తరువాతివారు చెప్పారు. ఆ రెండో సగంలో మన శరీరకణాలు ఒకదానికొకటి కబుర్లు ఎలా పంపుకుంటాయో కూడా తెలిసింది. అందుకే పాఠంలో కొంత భాగం జీవితచరిత్రగా, కొంత భాగం జీవశాస్త్రంగా ఉంటుంది. రెంటినీ విడదీయడం కుదరలేదు.

బాల్యం, చదువు

శంభునాథ్ డే 1915 ఫిబ్రవరి 1న హుగ్లీ జిల్లాలోని గరీబాటి గ్రామంలో జన్మించారు. తండ్రి దాశరథి డే వ్యాపారం చేసేవారు గాని అది కలిసిరాలేదు. ఆ కుటుంబంలో చదువు రుచి తెలిసిన మనిషి తండ్రి సోదరుడు అశుతోష్. పిల్లవాడు చదువు వైపు నడిచింది ఆయన ప్రోత్సాహంతోనే. గరీబాటి పాఠశాలలో మెట్రిక్యులేషన్ బాగా ప్యాసైనందుకు ఉపకారవేతనం దొరికింది. దానితో హుగ్లీ మొహసిన్ కళాశాలలో చేరారు. అక్కడి నుంచి కలకత్తా మెడికల్ కాలేజీకి వెళ్ళారు. కలకత్తాలో బసకు, భోజనానికి ఇతరుల ఆదరణ మీద ఆధారపడవలసి వచ్చింది. దూరవిద్యలో చదువుకుంటున్న మీలో చాలామందికి ఇటువంటి పరిస్థితి వివరించి చెప్పనక్కరలేదు.

1939లో వైద్యపట్టా పొందారు. 1942లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా కూడా పూర్తి చేశారు. అదే కళాశాలలో వ్యాధివిజ్ఞాన శాఖలో డిమాన్‌స్ట్రేటరుగా చేరారు. వ్యాధివిజ్ఞానం అంటే జబ్బు వల్ల శరీర భాగాల్లో కలిగే మార్పులను పరిశీలించే శాస్త్రం. ఈ శాఖలోని వైద్యుడికి రోగి నాడి చూసే పని తక్కువ. చనిపోయినవారి అవయవాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసే పని ఎక్కువ. 1943లో బెంగాలులో మహాక్షామం వచ్చింది. క్షామం వెనకే కలరా వచ్చింది. కలకత్తా ఆసుపత్రుల్లో పనిచేసే వైద్యుడికి కలరా పుస్తకంలో చదువుకునే జబ్బు కాదు, ప్రతి సంవత్సరం గుమ్మంలోకి వచ్చే జబ్బు.

1947లో డే లండన్ వెళ్ళి, యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రి వైద్యపాఠశాలలో రాయ్ కామెరాన్ అనే ఆచార్యుడి వద్ద పరిశోధన చేశారు. నాడీమండలంలో కలిగే మార్పుల వల్ల ఊపిరితిత్తుల్లోకి నీరు ఎలా చేరుతుందన్న విషయం మీద వారిద్దరి పేర్లతో 1949లో ఒక వ్యాసం వెలువడింది. ఆ ఏడాదే ఆయనకు పిహెచ్.డి. లభించింది. శరీరంలో నీరు ఉండవలసిన చోటు వదిలి మరో చోటికి ఎందుకు పోతుందన్న ఆలోచన ఆయనకు లండన్‌లోనే అలవాటైందని నేననుకుంటాను. ఎందుకంటే కలకత్తా తిరిగి వచ్చాక ఆయన చేపట్టిన కలరా సమస్య కూడా సరిగ్గా అదే.

కోచ్ వదిలి వెళ్ళిన ప్రశ్న

ఇక్కడ మనం ఒక డెబ్బై ఏళ్ళు వెనక్కు వెళ్ళాలి. జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ 1883లో కలరా క్రిమిని వెతుకుతూ మొదట ఈజిప్టుకు, ఆ ఏడాది చివర కలకత్తాకు వచ్చాడు. కలకత్తా మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో పనిచేసి, 1884 మొదట్లో, కామా గుర్తులాగా వంగి ఉండే క్రిమే కలరాకు కారణమని ప్రకటించాడు. ఇటలీలో పాచీని అనే ఆయన 1854లోనే ఆ క్రిమిని చూసినా, ఎవరూ పట్టించుకోలేదు. క్రిమి ఒక విషాన్ని విడుదల చేస్తుందనీ, మనిషిని చంపేది ఆ విషమేననీ కోచ్ ఊహించాడు. ఊహ సరైనదే. కాని దాన్ని ఎవరూ చూపించలేకపోయారు.

ఎందుకు చూపించలేకపోయారో గమనించండి. ఈ పాఠంలో ఇది ముఖ్యమైన చోటు. పరిశోధకులు కలరా క్రిములను పెంచి, వాటి సారాన్ని జంతువుల రక్తనాళాల్లోకి ఎక్కించారు. చర్మం కింద ఎక్కించారు. కడుపు కుహరంలోకి ఎక్కించారు. కొన్ని జంతువులు చచ్చిపోయాయి కూడా. కాని వాటికి విరేచనాలు కాలేదు. అవి చచ్చింది క్రిమి శరీరంలోనే అంటిపెట్టుకుని ఉండే వేరొక విషం వల్ల. అటువంటి విషం టైఫాయిడ్ క్రిమి వంటి వాటిలోనూ ఉంటుంది. దాన్నే కలరా విషం అనుకుని శాస్త్రలోకం చాలాకాలం దారి తప్పింది. పోనీ, క్రిములను నోటి ద్వారా ఇద్దామంటే, పెద్ద కుందేళ్ళకు అలా ఇస్తే జబ్బు రాదు. ప్రశ్న సరైనదే, వెతికిన చోటు తప్పు.

తాడు కట్టిన పేగు

లండన్ నుంచి వచ్చాక డే కలకత్తాలోని నీలరతన్ సర్కార్ వైద్య కళాశాలలో పనిచేశారు. మొదట కలరాతో చనిపోయినవారి మూత్రపిండాలను పరిశీలించారు. శరీరంలో నీరంతా పోయినప్పుడు మూత్రపిండాలు ఎలా దెబ్బతింటాయో అందులో తెలిసింది. అయితే మూత్రపిండాలు దెబ్బతినడం ఫలితమేగాని మూలం కాదు. మూలం పేగులో ఉంది. అందువల్ల ప్రయోగమూ పేగులోనే జరగాలి.

ఆయన ఎంచుకున్న పద్ధతి ఎంత సరళమైనదో చూడండి. ఒక కుందేలుకు ఒక రోజు మేత ఆపుతారు. మత్తు ఇచ్చి పొట్ట తెరుస్తారు. చిన్నపేగులో కొన్ని అంగుళాల మేర రెండు చివరలా పట్టుదారంతో బిగించి కడతారు. అప్పుడు పేగులో అది ఒక మూసిన సంచిలాగా తయారవుతుంది. రక్తప్రసరణ మాత్రం మామూలుగానే ఉంటుంది. ఆ సంచిలోకి కొంచెం కలరా క్రిముల ద్రవాన్ని సూదితో ఎక్కించి, పొట్ట కుట్టేస్తారు. మర్నాడు తెరిచి చూస్తే, ఆ సంచి ఉబ్బి బిగిసిపోయి ఉంటుంది. లోపల ఉన్నది గంజిలాంటి తెల్లని నీరు. కలరా రోగి విసర్జించే నీళ్ళు సరిగ్గా అలాగే ఉంటాయి. క్రిములు లేని ద్రవం ఎక్కించిన పక్క సంచి ముడుచుకునే ఉంటుంది.

ఈ ప్రయోగానికి ఖరీదైన యంత్రం ఏదీ అక్కరలేదు. దారం, సూది, కత్తి, కుందేలు చాలు. ఆనాటి కలకత్తా ప్రయోగశాలలో అంతకుమించి ఉన్నది కూడా తక్కువే. సరళంగా ఉంది గదా అని తేలిగ్గా తీసుకోకండి. నోటి ద్వారా ఇచ్చిన క్రిములు కుందేలు పేగులో నిలబడవు, కదలికతో కొట్టుకుపోతాయి. తాడు కట్టడం వల్ల అవి నిలిచాయి. డెబ్బై ఏళ్ళుగా పరిశోధకులు జంతువు చస్తుందా లేదా అని చూశారు. డే మాత్రం నీరు వస్తుందా లేదా అని చూశారు. ఈ తేడాలోనే ఆయన గొప్పతనం అంతా ఉంది. ఇటువంటి ప్రయత్నమే 1915లో వేరేచోట జరిగినా, అది ఎవరి దృష్టికీ రాక మరుగున పడిపోయింది. డే దాన్ని తానుగా ఆలోచించి, పదేపదే చేయదగిన పద్ధతిగా నిలబెట్టారు. డి.ఎన్. చటర్జీతో కలిసి ఈ ఫలితాలను 1953లో ప్రచురించారు.

1955లో డే కలకత్తా మెడికల్ కాలేజీలో వ్యాధివిజ్ఞాన, సూక్ష్మజీవశాస్త్ర శాఖకు అధిపతి అయ్యారు. కోచ్ పనిచేసిన ప్రాంగణం అదే. 1956లో మరొక వ్యాసం వెలువరించారు. మన పేగుల్లో మామూలుగా నివసించే కోలి జాతి క్రిముల్లో కొన్ని రకాలు, అతిసార రోగుల నుంచి తీసినవి, కుందేలు పేగు సంచిని కలరా క్రిమిలాగే ఉబ్బిస్తాయని అందులో చూపారు. పసిపిల్లల విరేచనాలకు ఇటువంటి కోలి క్రిములు పెద్ద కారణమని తరువాత రుజువైంది. కలరా వెలుగులో పడి ఈ పని గురించి చెప్పేవారు తక్కువ. నా దృష్టిలో అది కూడా అంత విలువైనదే.

1959

ఇంకా ఒక మెట్టు మిగిలింది. సంచి ఉబ్బింది బతికున్న క్రిముల వల్లనా? వాటి నుంచి విడుదలైన పదార్థం వల్లనా? దీన్ని తేల్చాలంటే క్రిములను పూర్తిగా వడకట్టి, మిగిలిన నీటిని మాత్రమే ఎక్కించి చూడాలి.

మీరైతే ఏం ఆశిస్తారు? చదవడం ఒక్క క్షణం ఆపి ఆలోచించండి.

డే కలరా క్రిములను ద్రవంలో పెంచి, ఒక్క క్రిమి కూడా మిగలకుండా వడపోసి, ఆ వడపోత నీటిని పేగు సంచిలోకి ఎక్కించారు. సంచి ఉబ్బింది. క్రిమి లేదు, కాని కలరా ఉంది. అంటే క్రిమి తన శరీరం నుంచి బయటికి వదిలే విషం ఒకటి ఉంది. అది పేగు మీదే పనిచేస్తుంది. కోచ్ ఊహించిన విషం ఇదే. ఈ ఫలితం 1959 మే నెలలో నేచర్ అనే ప్రఖ్యాత పత్రికలో రెండు పుటల చిన్న వ్యాసంగా అచ్చయింది. రచయితగా ఉన్నది ఒక్క పేరు. అదే ఏడాది బొంబాయిలోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎన్.కె. దత్తా బృందం కుందేలు పిల్లల మీద వేరొక పద్ధతిలో ప్రయోగాలు చేసి, కలరా క్రిముల సారం విరేచనాలు పుట్టిస్తుందని చూపింది. న్యాయంగా చెప్పాలంటే వారి పేరు కూడా మీరు గుర్తుపెట్టుకోవాలి.

తరువాతి సంవత్సరమే బ్యాంకాక్‌లో కలరా రోగుల పేగులోంచి చిన్న ముక్కలు తీసి చూస్తే, లోపలి పొర ఎక్కడా చిరగలేదని తెలిసింది. అంతవరకు పాఠ్యపుస్తకాల్లో పేగు పొర ఊడిపోతుందని రాసి ఉండేది. పొర చెక్కుచెదరలేదు, కణాలు బతికే ఉన్నాయి, అయినా నీరు కుండపోతగా పోతోంది. విషం కణాన్ని చంపడం లేదు. మరేం చేస్తోంది?

కణానికి కబురు ఎలా అందుతుంది

ఇక్కడి నుంచి కథ డే చేతుల్లోంచి ప్రపంచంలోని చాలా ప్రయోగశాలల్లోకి వెళ్ళింది. 1969లో అమెరికాలో ఫింకెల్‌స్టీన్, లోస్పల్లూటో ఆ విషాన్ని శుద్ధంగా వేరుచేశారు. అది ఒక ప్రోటీను. డే ఆ పని చేయాలని ప్రయత్నించారు గాని, శుద్ధి చేయడానికి కావలసిన పరికరాలు ఆయనకు అందుబాటులో లేవు.

విషం చేసే పని అర్థం కావాలంటే కణం సంగతి కొంచెం తెలియాలి. కణం చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. బయటి నుంచి వచ్చే హార్మోనుల్లో చాలా భాగం ఆ పొర దాటి లోపలికి పోలేవు. గుమ్మం దాటి లోపలికి రాకూడని మనిషి కబురు తెస్తే ఏం చేస్తాం? గుమ్మంలో ఉన్నవారు విని, లోపలివారికి చెబుతారు. వారు ఇంకొకరికి చెబుతారు. కణంలోనూ అంతే. పొరలో ఉన్న గ్రాహకం అనే ప్రోటీనుకు హార్మోను అతుక్కుంటుంది. అప్పుడు గ్రాహకం ఆకారం కొద్దిగా మారుతుంది. మారిన ఆ ఆకారానికి లోపలివైపు ఉన్న జీ ప్రోటీను సరిపడుతుంది. జీ ప్రోటీను మేలుకుని, పక్కనున్న అడెనిలిల్ సైక్లేజ్ అనే ఎంజైముకు వెళ్ళి అతుక్కుంటుంది. ఆ ఎంజైము సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువులను తయారు చేస్తుంది. ఆ అణువులే కణంలో కబురును నలుదిక్కులా చాటే దండోరా. వాటికి ముడిసరుకు ఏటీపీ. ఏటీపీ అనగానే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మీకు గుర్తుకు రావాలి. 1929లో ఫిస్కేతో కలిసి కండరంలో ఆ పదార్థాన్ని గుర్తించినవారిలో ఆయనొకరు.

కబురు అందడం ఎంత అవసరమో, ఆగిపోవడం కూడా అంతే అవసరం. జీ ప్రోటీను మేలుకున్నప్పుడు జీటీపీ అనే అణువును పట్టుకుని ఉంటుంది. కాసేపటికి ఆ జీటీపీని తానే ముక్క చేస్తుంది. వెంటనే నిద్రలోకి జారి, ఎంజైమును వదిలేస్తుంది. ప్రమిదలో కొలిచి పోసిన చమురుతో వెలిగి, చమురు అయిపోగానే ఆరిపోయే దీపం వంటిది అది.

కలరా విషం దెబ్బ కొట్టేది సరిగ్గా ఈ ఆరిపోవడం మీద. ఆ విషంలో రెండు రకాల భాగాలున్నాయి. ఐదు ఒకేరకం ముక్కలు ఉంగరంలా చేరి ఉంటాయి. ఆ ఉంగరం మధ్య ఆరో ముక్క నిలబడి ఉంటుంది. ఉంగరం పని పట్టుకోవడం. పేగుకణం పైపొరలో ఉండే జీఎం1 అనే చక్కెర కలిసిన కొవ్వు అణువులకు అది గట్టిగా అతుక్కుంటుంది. ఐదు చేతులతో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది కాబట్టి వదలదు. ఆరో ముక్క పని ఘాతుకం. అది కణం లోపలికి చేరి, కణానికే చెందిన ఏఆర్ఎఫ్ అనే మరో ప్రోటీనుతో జతకడుతుంది. ఆ జత వల్ల దాని శక్తి పెరుగుతుంది. తరువాత జీ ప్రోటీను మీద ఒక చిన్న రసాయన ముక్కను అంటిస్తుంది. అంతే. ఆ ముక్క అంటుకున్న జీ ప్రోటీను తన జీటీపీని ముక్క చేయలేదు. చమురు తగ్గదు, దీపం ఆరదు. ఎంజైమును అంటిపెట్టుకుని ఉండిపోతుంది. హార్మోను ఏదీ రాకపోయినా కణంలో దండోరా మోగుతూనే ఉంటుంది. ఆ కబురుకు పేగుకణం చేసే పని ఏమిటంటే, తన పైపొరలోని ద్వారాలు తెరిచి క్లోరైడును పేగులోకి వదలడం. ఉప్పు ఎటు పోతే నీరు అటే పోతుంది. తలుపు మూసే చక్రం విరిగిన చెరువు తూమును తలుచుకోండి. గట్టు తెగలేదు, చెరువు మాత్రం ఖాళీ అవుతోంది. కలరా రోగి గంటకు లీటరు నీరు దాకా కోల్పోవడం ఇందువల్లనే.

ఇంకొక విచిత్రం గమనించండి. ఈ విషం పరిశోధకుల చేతిలో మంచి పనిముట్టుగా మారింది. అది జీ ప్రోటీను మీదే ముక్క అంటిస్తుంది కనుక, ఆ ముక్కకు రేడియోధార్మిక గుర్తు తగిలిస్తే, కణంలోని వేల ప్రోటీనుల మధ్య జీ ప్రోటీను ఎక్కడుందో తెలిసిపోతుంది. జీ ప్రోటీనులను కనుగొన్నందుకు గిల్మన్, రాడ్‌బెల్‌లకు 1994లో నోబెల్ బహుమతి వచ్చింది. జీ ప్రోటీను ఎంజైముకు ఎలా అతుక్కుంటుందో 1997లో స్ఫటికాల ద్వారా కంటికి కనిపించేలా చిత్రించారు. గ్రాహకానికి ఎలా అతుక్కుంటుందో 2011లో చిత్రించారు. ఈనాటి మందుల్లో చాలా భాగం ఇటువంటి గ్రాహకాల మీదే పనిచేస్తాయి.

ఉప్పు, చక్కెర, నీళ్ళు

డే కనుగొన్నదానితో రోగికి ఏం మేలు జరిగిందని మీరు అడగవచ్చు. పేగు గోడ చెడలేదని, ఒక తూము మాత్రమే తెరుచుకుని ఉండిపోయిందని తెలిసినప్పుడు, వైద్యుల ఆలోచన మారింది. చక్కెరతో కలిపి ఉప్పును లోపలికి లాగే మరొక ద్వారం పేగుకణంలో ఉంది. విషం దాన్ని తాకదు. కనుక ఉప్పు, చక్కెర తగిన పాళ్ళలో కలిపిన నీళ్ళు తాగిస్తే, పోతున్న నీటికి బదులు నీరు లోపలికి వస్తుంది. 1968లో ఢాకాలోని కలరా పరిశోధనశాలలో నాలిన్, క్యాష్ రోగుల మీద దీన్ని రుజువు చేశారు. 1971లో తూర్పు బెంగాలు నుంచి లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చినప్పుడు, బన్‌గావ్ శిబిరంలో సెలైను సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబీస్ అనే వైద్యుడు డ్రమ్ముల్లో ఈ నీళ్ళు కలిపి, రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి ముప్ఫై మంది దాకా చనిపోతున్న చోట ఆ సంఖ్య నాలుగుకు లోపలికి దిగింది.

మీ ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో దొరికే ఓఆర్ఎస్ పొట్లం ఒకటి తెచ్చుకుని దాని మీద రాసి ఉన్నది చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన పాళ్ళ ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సిట్రేటు 2.9 గ్రాములు ఉంటాయి. గ్లూకోజు అక్కడ ఉన్నది బలానికి కాదు. ఎందుకున్నదో ఇప్పుడు మీరే చెప్పగలరు. పొట్లాన్ని సగం సగం వాడకూడదు, మొత్తం పొడిని చెప్పినంత నీటిలోనే కలపాలి. పాళ్ళు మారితే ఆ ద్వారం సరిగా పనిచేయదు.

పిలుపు ఆలస్యంగా వచ్చింది

1959 నాటి వ్యాసం వెలువడ్డాక మొదటి కొన్నేళ్ళు దాన్ని ప్రస్తావించినవారు తక్కువ. డే 1961లో కలరా మీద ఒక గ్రంథం కూడా ప్రచురించారు. ఆ ఏడాదే ఇండొనేషియాలో మొదలైన కొత్త కలరా ప్రపంచమంతా వ్యాపించడంతో, పరిశోధకులు అప్పుడు ఆయన పద్ధతి కోసం వెతుక్కున్నారు. తాడు కట్టిన పేగు అన్ని దేశాల ప్రయోగశాలల్లోకీ వెళ్ళింది. ఆయన మాత్రం కలకత్తా మెడికల్ కాలేజీలో విద్యార్థులకు పాఠాలు చెబుతూ, 1973లో పదవీ విరమణ చేశారు. మన దేశంలోని విజ్ఞాన అకాడమీలు ఏవీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకోలేదు. పెద్ద బహుమతి ఏదీ ఇవ్వలేదు. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్ బహుమతికి ఒకటికంటే ఎక్కువసార్లు ప్రతిపాదించారు. బహుమతి రాలేదు. బయటివారు చూడలేదని మనం నొచ్చుకుంటాం గాని, ఈ విషయంలో ముందుగా చూసినది బయటివారే.

1978లో స్వీడన్‌లో కలరా, దానివంటి విరేచన వ్యాధుల మీద నోబెల్ సంస్థ తరఫున ఒక సదస్సు జరిగింది. నిర్వాహకులు డేను ప్రత్యేకంగా పిలిచారు. ఆయన వెళ్ళారు. 1960ల మొదటి నుంచి శాస్త్రలోకంలో తాను చనిపోయినట్టే ఉన్నాననీ, ఈ సదస్సువారు తనను తవ్వి తీశారనీ ఆయన ఆ సభలో చెప్పుకున్నారు. అలాగని తన దేశంలో ఫలానావారు తనకు అడ్డుపడ్డారని ఆయన వీధికెక్కినట్టు ఎక్కడా కనబడదు. పని చేశారు, రాశారు, ఊరుకున్నారు.

1985 ఏప్రిల్ 15న శంభునాథ్ డే మరణించారు. మరుసటి సంవత్సరం, ఏ వ్యాసాన్ని ఎందరు ఉదహరించారో లెక్కగట్టే పద్ధతిని ప్రవేశపెట్టిన యూజీన్ గార్ఫీల్డ్ కలరా పరిశోధన చరిత్రను పరిశీలించి, ఆ దారుల్లో చాలావాటికి మొదలు కలకత్తాలోని ఆ రెండు పుటల వ్యాసమేనని రాశారు. 1990లో బెంగళూరు నుంచి వెలువడే కరెంట్ సైన్స్ పత్రిక డే మీద ఒక ప్రత్యేక సంచిక తెచ్చింది. అప్పటికి ఆయన పోయి ఐదేళ్ళు.